అడుగు డబ్బాలో మూడు నాణేలు

లైబ్రరీ మేడ మీది గది,
సోమవారం

అత్తా,

నీ పార్సిలు క్షేమంగా చేరింది. పోస్టతను రెండు చేతులా మోసుకొచ్చి కౌంటరు మీద దించి, "ఇందులో ఏముందమ్మా, ఇనప గుండ్లా?" అని నడుం పట్టుకున్నాడు. మా అత్త ఆస్తి అన్నాను. నీ ఆస్తి బరువుకి అతను కుర్చీలో కూలబడి, మంచినీళ్లు తాగి మరీ వెళ్లాడు.

ముందే చెప్పాను కదా, మన ఊరివాళ్లు ఇష్టంగా పోగుచేసుకున్న వస్తువులన్నీ ఈ గదిలో అద్దాల బల్లల్లో పెడుతున్నాం. తాళంచెవులు పోగుచేసిన బస్సు డ్రైవరు ఉన్నాడు. సీసా మూతలు ఏరుకున్న పంతులమ్మ ఉంది. నాణేలవాళ్లు ఎవరూ లేరా అని పెద్ద లైబ్రేరియన్ గారు అడగ్గానే మా మేనత్త ఉందన్నాను. "ఆవిడ ఈ ఊరు వదిలి ఏళ్లయింది కదా" అన్నారాయన. ఊరు వదిలినంత మాత్రాన ఊరిమనిషి కాకుండా పోతుందా అని వాదించి నెగ్గాను.

పొద్దున్నుంచీ నీ బిస్కెట్ డబ్బాలు విప్పుతూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఇవి నాకెందుకు చూపించలేదు అత్తా? నాణేలు పోగుచేసేవాళ్లు దేశానికో వరస, రాజుకో వరస పెడతారు. నీ డబ్బాల్లో ఒక్కో నాణెమూ మందుపొట్లం కాగితంలో చుట్టి ఉంది. కాగితం మీద నీ గుండ్రటి అక్షరాలు. "ఇంజెక్షను వేస్తుంటే నాకే ధైర్యం చెప్పిన పాప." "కాలు విరగ్గొట్టుకుని కూడా ఫుట్‌బాల్ గురించే మాట్లాడినవాడు." "కొడుకు గండం గడిచిందని చెప్తే నా చెయ్యి వదలని తండ్రి." ఏ దేశపు నాణెమో ఎక్కడా లేదు! పెద్ద లైబ్రేరియన్ గారు తల పట్టుకుని, "వీటిని దేశాల వారీగా సర్దాలమ్మా" అన్నారు. "అలా సర్దితే ఇవి ఉత్త డబ్బులైపోతాయండీ" అన్నాను. ఆయన ఒక కాగితం చదివారు. ఇంకోటి చదివారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కింద ఎవరో పిలుస్తున్నా సాయంత్రం దాకా దిగలేదు.

ఒక్కటే చిక్కు. అన్నిటికన్నా అడుగున ఉన్న డబ్బాలో, దూదిలో చుట్టిన మూడు నాణేలున్నాయి. ఒకదాని మీద రెక్కలు చాచిన పక్షి. ఒకదానికి నడిమధ్య చిల్లు. మూడోది అరిగి అరిగి నున్నగా అయిపోయింది. వాటికి కాగితం లేదు. అడుగున ఉన్నాయంటే నీ మొదటి నాణేలు ఇవే అయ్యుండాలి. మరి మొదటి బల్లలో ముందు పెట్టాల్సినవి ఇవే కదా. ఎవరిచ్చారు? మిగతావాళ్ల గురించి రాసినట్టే వాళ్ల గురించీ ఒక్క ముక్క రాసి పంపు.

నీ
పిచ్చుక


ఆస్పత్రి రోడ్డు, వెనక వాటా,
ఆదివారం

పిచ్చుకకు ఆశీస్సులు.

పోస్టతన్ని నడుముకి వేడినీళ్ల కాపడం పెట్టుకోమను. బరువెత్తేటప్పుడు మోకాళ్లు వంచాలని కూడా చెప్పు. ఉద్యోగం మానేసినా నోరు ఊరుకోదు చూడు.

సేకరణ అనీ, ఆస్తి అనీ పెద్దపెద్ద మాటలు రాశావు. నేను పనిగట్టుకుని పోగుచేసిందేమీ లేదే. పిల్లల వార్డులో పనిచేసే నర్సు జేబులోకి ఏమేం వచ్చి చేరతాయో నీకేం తెలుసు? ఊడిన పాలపళ్లు, బొత్తాలు, సగం చప్పరించిన చాక్లెట్లు. ఇంటికి వెళ్లేరోజు పిల్లలకి ఏదో ఒకటి ఇచ్చి వెళ్లాలని ఉంటుంది. "ఇది మా నాన్న ఓడలో వెళ్లినప్పుడు తెచ్చాడు సిస్టర్, నువ్వు ఉంచుకో" అని పిడికిలి విప్పుతారు. వద్దంటే ఏడుపు. అందుకని నాకు నేనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. మన దగ్గర చెల్లని నాణెమైతేనే పుచ్చుకోవాలి, చెల్లేదైతే ఎంత చిన్నదైనా పుచ్చుకోకూడదు. పక్కన తల్లో తండ్రో ఉండి సరే అనాలి. ఈ కట్టుబాటు ఒక్కసారి కూడా తప్పలేదు. తర్వాత్తర్వాత పిల్లల తండ్రులే ఎక్కడెక్కడినుంచో తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. నేనూ ఊరుకోకుండా, "ఇది ఎక్కడిది, అక్కడ వాన పడుతుందా, పిల్లలు ఏం ఆటలాడతారు" అని అడిగేదాన్ని. ఇంజెక్షను నొప్పి మరిపించడానికి అంతకన్నా మంచి మందు లేదు.

కాగితాలు రాయడం ఎందుకంటే, మనుషుల్ని మరిచిపోతానేమోనని. నాణేన్ని ఎవరైనా గుర్తుపడతారు. ఇచ్చినవాళ్లని నేను తప్ప ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ మూడింటి సంగతి: వాటికి కాగితం అక్కర్లేదు. ఎవరో ఇచ్చారు. ఎప్పటి మాటో. బల్లలో చోటు చాలకపోతే వాటిని తీసెయ్, ఏం ఫరవాలేదు.

మీ నాన్న ఎలా ఉన్నాడు? చెప్పుల షాపులో రోజంతా ఒకరి కాళ్ల దగ్గర వంగి కూర్చుంటే నడుం ఏమవుతుంది? మధ్యమధ్యలో లేచి నడవమను. నేను చెప్పానని చెప్పకు, నీ మాటగా చెప్పు.

అత్త


లైబ్రరీ మేడ మీది గది,
శుక్రవారం

అత్తా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు చింపేశాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నిన్న నాన్న లైబ్రరీకి వచ్చాడు. ఎన్నేళ్లుగా పిలుస్తున్నానో, ఒక్కసారీ మెట్లెక్కని మనిషి! అద్దాల బల్లలు చూస్తానన్నాడు. తాళంచెవులు చూసి నవ్వాడు, "వీటిలో మన షాపు తాళం లేదు కదా?" అన్నాడు. నీ బల్ల దగ్గరికొచ్చాడు. మందుపొట్లం కాగితాలు ఒక్కొక్కటే చదువుతుంటే అతని మొహం మెత్తబడుతూ వచ్చింది. నాకెంత సంతోషమేసిందో! నీ పేరెత్తితే అన్నం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కునే మనిషి, నీ అక్షరాల మీద వేలు పెట్టి చదువుతున్నాడు. ఆ సంబరంలో దూది విప్పి మూడు నాణేలూ అతని ముందు పెట్టాను.

నాన్న వేలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇవి పెట్టకు."

"ఏం నాన్నా?"

"పెట్టకంటే పెట్టకు. వీటి మూలానే మీ అత్తని ఆస్పత్రిలోంచి పంపేశారు. మంచాన పడ్డ జాలరి మూటలోంచి తీసింది. కొట్టుకి తీసుకెళ్లి మార్చబోయింది. ఊరంతా తెలుసు, నీకు తెలియకుండా పెంచాం, అంతే."

"అత్త అలాంటిది కాదు నాన్నా."

"పెట్టె సర్దుకుంటూ వీటిని దూదిలో చుట్టి బట్టల అడుగున పెట్టుకోవడం నేను చూశాను. ఈ పక్షినీ చూశాను, ఈ చిల్లునీ చూశాను. అడిగితే నా తల నిమిరింది. ఏం చెప్పలేదు. చాలదన్నట్టు జీవితమంతా నాణేలే పోగుచేసుకుంటూ కూర్చుంది!"

గబగబా దిగి వెళ్లిపోయాడు. టోపీ మర్చిపోయాడు.

నాన్న అబద్ధం చెప్పడు. నువ్వు దొంగతనం చెయ్యవు. ఈ రెండూ నాకు నిజాలే. ఈ రెండిటినీ పక్కపక్కన ఎలా పెట్టుకోవాలో చెప్పు అత్తా.

పిచ్చుక


ఆస్పత్రి రోడ్డు, వెనక వాటా,
బుధవారం

పిచ్చుకకు,

మీ నాన్న చూసింది నిజమే. నన్ను పంపేసిందీ నిజమే.

ఆ మూడు నాణేలూ రిజిస్టరు పోస్టులో నాకు తిప్పి పంపు. మిగతావి ఉంచుకోవాలో, అక్కర్లేదో నీ ఇష్టం.

ఇక్కడ వానలు.

అత్త


లైబ్రరీ మేడ మీది గది,
మంగళవారం

అత్తా,

పంపను.

కోపం తెచ్చుకో. ఇంకో నాలుగు మాటలతో ఇంకో చిన్న ఉత్తరం రాయి. అయినా పంపను. నీ కాగితాలన్నీ నేనిప్పటికే చదివాను. మన దగ్గర చెల్లే నాణెం ఒక్కటంటే ఒక్కటి ఆ డబ్బాల్లో లేదు. పెద్ద లైబ్రేరియన్ గారు భూతద్దం పెట్టి మరీ చూశారు. జీవితమంతా అంత నిష్ఠగా ఉన్న మనిషి ఊరికే అలా ఉండదు. ఎక్కడో గట్టిగా కాలి ఉండాలి. కాలినా, పిల్లల పిడికిళ్ల ముందు మళ్లీ చెయ్యి చాపగలిగావు. నేనైతే నాణెమనే మాటే వినలేకపోయేదాన్ని. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నా మనసులో నీ కుర్చీ ఉన్నచోటే ఉంటుంది.

కానీ నాన్న సంగతి వేరు. టోపీ ఇవ్వడానికి షాపుకి వెళ్లాను. ఒక చెప్పుల పెట్టెలో రెండూ ఎడమ కాలివే పెట్టి కట్టేస్తున్నాడు. నేను చూపించేదాకా చూసుకోలేదు. నీ పేరెత్తితే లేచిపోయేది కోపంతో అనుకున్నాను ఇన్నాళ్లూ. కోపం కాదత్తా. ఆ కాగితాలు చదువుతున్నప్పుడు అతని మొహం నువ్వు చూడాల్సింది. నీ గురించి మంచి మాట ఒక్కటి దొరికితే చాలని ఎదురుచూస్తున్న మొహం అది.

నాకు చెప్పక్కర్లేదు. అతనికి చెప్పు.

పిచ్చుక


ఆస్పత్రి రోడ్డు, వెనక వాటా,
ఆదివారం

పిచ్చుకకు,

ఇన్ని వారాలు జవాబు లేదని అలిగి ఉంటావు. అలగకు. ఇది నా ఒక్కదాని సంగతే అయితే నీ ఉత్తరం అందినరోజే రాసేదాన్ని. ఇంకో మనిషిని అడగాలి. ఫోను తియ్యడం, నంబరు నొక్కడం, పెట్టెయ్యడం, ఇదే పని అయింది నాకు. మొన్నటికి అడగ్గలిగాను. చెప్పమంది. విను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరి మన రేవు ఆస్పత్రిలో, మగవాళ్ల వార్డులో పనిచేస్తున్న రోజులు. ఒకరోజు పొద్దున్నే చేపల పడవ వాళ్లు సముద్రంలో దొరికిన మనిషిని మోసుకొచ్చారు. ఒక చెక్క పట్టుకుని తేలుతున్నాడట. ఒళ్లంతా ఎండకి కాలిపోయింది, పక్కటెముకలు విరిగాయి. చేతులు చూస్తే జాలరి అని తెలుస్తోంది. అతని భాష మాత్రం ఎవరికీ తెలియదు. రేవులో ఉన్న ఓడల వాళ్లని పిలిపించారు. పెద్ద డాక్టరు తనకి వచ్చిన భాషలన్నిటిలో పలకరించాడు. లాభం లేకపోయింది.

అతను మంచం మీద నిలిచేవాడు కాదు. సెలైను సూది పీకి, గుమ్మంవైపు నాలుగడుగులు వేసి పడిపోయేవాడు. జ్వరం తలకెక్కిందని చేతులు మంచానికి కట్టారు. నేను తడిగుడ్డతో మొహం తుడుస్తూ అతని కళ్లు చూశాను. జ్వరం తలకెక్కినవాళ్లు మనల్ని దాటి ఎక్కడికో చూస్తారు. ఇతను నావైపే చూస్తున్నాడు. కట్టిన చేతి వేలితో కిటికీ చూపిస్తున్నాడు. కిటికీ అవతల సముద్రం. పిచ్చివాడు కాదు పిచ్చుకా, బతిమాలుతున్నాడు.

కట్లు వదులు చేసి పెన్సిలిచ్చాను. ఎండకి కాలిన చేత్తో ఏవో ముద్దలు గీశాడు. రాళ్లా, పడవలా, రొట్టెలా? ఎంత తిప్పి చూసినా అర్థం కాలేదు. హెడ్ నర్సు వచ్చి, "రోగిని అలసిపోనివ్వకు" అని పెన్సిలు తీసేసుకుంది.

అతని తడి బట్టల మూటలో కొన్ని నాణేలున్నాయి. నాణెం మీద దేశం పేరుంటుంది కదా, అది చదవగలిగినవాళ్లు దొరికితే భాష తెలిసినవాళ్లు దొరుకుతారనిపించింది. హెడ్ నర్సుని అడిగితే వద్దంటుంది. భోజనం వేళ వాటిని జేబులో వేసుకుని, యూనిఫాంలోనే, రేవు వీధిలో పైదేశాల డబ్బు మార్చే కొట్టుకి పరుగెత్తాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "ఇవెక్కడివో తెలీదమ్మా. మార్చను. అసలు నీ దగ్గరికెలా వచ్చాయి?" అన్నాడు. ఆ చూపుకి నాణేలు లాక్కున్నాను. తిరిగొచ్చేశాను.

ఆస్పత్రి వెనక పెరట్లో, దుప్పట్లు ఉతికే ఆమె మూటలు కడుతోంది. నా ఈడుదే. కొండల అవతలి ఊరినుంచి వచ్చానని చెప్పుకునేది, ఆ యాస అందుకే అనుకునేవాళ్లం. వీపున చంటిపిల్ల. కనిపించిన ప్రతివాళ్లనీ అడుగుతున్నట్టే ఆమెనీ అడిగాను, అరచేతిలో నాణేలు పెట్టి. చూసింది. "తెలీదమ్మా" అంది. కట్టేసిన మూటకే మళ్లీ ముడి వేసింది. ఆ ముడి మీద ఇంకో ముడి.

నేను వార్డులోకొచ్చిన కాసేపటికి దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చింది. అది ఆమె వచ్చే వేళ కాదు. నా పక్కగా వెళ్తూ, "తెర లాగు. నువ్వు బయట నిలబడు, ఎవర్నీ రానివ్వకు" అంది.

తెర వెనక ఆమె మెల్లిగా ఒక మాట అంది. ఆ ఒక్క మాటకి అతను పెద్దగా ఏడ్చాడు.

ఆమె కొండల మనిషి కాదు. అతని దీవుల మనిషి. కాగితాలు లేకుండా, ఓడలో సరుకుల మధ్య దాక్కుని, కడుపులో పిల్లతో మన ఊరొచ్చింది. అలాంటివాళ్లు దొరికితే ఆ రోజుల్లో వెనక్కి వెళ్లే ఓడ ఎక్కించేసేవాళ్లు. వెనక్కి వెళ్తే ఆమె బతకదు. ఎందుకో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. తన భాష ఎవరి చెవిన పడుతుందోనని పిల్లకి జోల కూడా మన భాషలోనే పాడేదట. అలాంటి మనిషి, ముక్కూ మొహం తెలియనివాడి కోసం నిండు వార్డులో నోరు తెరిచింది. నువ్వు నన్ను మెచ్చుకుంటూ పేజీలు నింపావు. ఆ మెప్పంతా తీసుకెళ్లి అక్కడ పెట్టు.

అతను చెప్పిందిది. పడవ రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. తమ్ముడి కాలు విరిగింది. తమ్ముణ్ని రాతి మీద కూర్చోబెట్టి, సాయం తెస్తానని ఇతను చెక్క పట్టుకుని నీళ్లలోకి దిగాడు. తమ్ముడింకా అక్కడే ఉన్నాడు. తాగడానికి నీళ్లు లేవు.

"డాక్టరుతో నేను చెప్పలేను," అందామె. "కానీ ఆ రాళ్ల దగ్గర ఇంకేముందో కూడా బొమ్మ వెయ్యమంటాను. నువ్వది పట్టుకెళ్లు. బొమ్మకి భాష ఉండదు కదా."

ఆ హడావిడిలో ఆమెకి ఆ ఆలోచన ఎలా వచ్చిందో! ఈసారి అతను రాళ్ల పక్కన విరిగిన దీపస్తంభం వేశాడు. రాతి మీద కాళ్లు చాపిన మనిషిని వేశాడు. నేను పెద్ద డాక్టరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లిపోయాను. ఆయన బొమ్మ చూసి, నన్నేమీ అడక్కుండా రేవుకి ఫోను చేశాడు. పాత దీపస్తంభం రాళ్లంటే రేవులో అందరికీ తెలుసు. పొద్దు వాలకముందే తమ్ముణ్ని తెచ్చారు. నాలుక మొద్దుబారిపోయింది, కళ్లు తెరవలేడు, బతికున్నాడు. అన్న మంచానికి ఆనించి అతని మంచం వేశాం. అన్న చెయ్యి చాపి తమ్ముడి చెవి పట్టుకున్నాడు, చిన్నపిల్లాడి చెవి పట్టుకున్నట్టు. అలాగే నిద్రపోయాడు.

మర్నాడు డబ్బు మార్చే ఆయన ఆస్పత్రికి వచ్చి చెప్పాడు. నాణేలు నేను అప్పుడే మూటలో పెట్టేశాను, కానీ తీసినమాట తీసినట్టే. ఎందుకు తీశావంది హెడ్ నర్సు. భాష కనుక్కోవడానికి అంటే, కనుక్కున్నావా, ఎవరు చెప్పారు అని అడుగుతుంది. రేవు అధికారులు అప్పటికే ఆ భాష వచ్చినవాళ్ల కోసం ఊరంతా వాకబు చేస్తున్నారు. అన్నదమ్ముల దగ్గర వివరాలు రాసుకోవాలిగా. అన్నదమ్ములు ఆమె మాటే ఎత్తలేదు, ఎత్తొద్దని ఆమే చెప్పిందట. నేను, "చూడ్డానికి బాగున్నాయని తీశాను" అన్నాను. హెడ్ నర్సుని తిట్టుకోకు. ఒంటి మీద తెలివి లేనివాళ్ల మూటలకి ఆ వార్డులో కాపలా ఆవిడే. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ పంపేసేదాన్ని. పెద్ద డాక్టరే ఇక్కడి పిల్లల ఆస్పత్రికి నా గురించి రెండు ముక్కలు చెప్పాడు.

వెళ్లేరోజు పెరట్లోకి వెళ్లి, వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చిందని ఆమెతో చెప్పాను. నిజంగా సంతోషించింది. కోటు లోపలి కుట్టు పళ్లతో కొరికి విప్పి ఈ మూడు నాణేలూ నా చేతిలో పెట్టింది. "దారి ఖర్చుకి పనికిరావు, ఇక్కడెవరూ పుచ్చుకోరు. నాకూ ఒక ఊరుందని ఇక్కడ నీ ఒక్కదానికే తెలుసు. ఉంచుకో," అంది. మీ నాన్న చూసింది అవే. జాలరివి జాలరితోనే వెళ్లిపోయాయి. మీ నాన్న అప్పటికి చిన్నవాడు, వాడి నోట ఎక్కడ జారుతుందోనని వాడికి చెప్పలేదు. పెద్దవాడయ్యాక చెబితే ఆమెకీ తెలిసిపోతుంది, తన మూలంగా నా ఉద్యోగం పోయిందని. ఆ బరువు ఆమె నెత్తిన ఎందుకు పెట్టాలి?

కొత్త ఊళ్లో ఆ మూడింటినీ కిటికీలో పెట్టుకున్నాను. చెల్లని నాణెం ఎవరి చేతిలో చూసినా, వీళ్లకీ ఎక్కడో ఒక ఊరుంది అనిపించేది. అడిగేదాన్ని. అలా మొదలైంది.

ఆమెకి తర్వాత కాగితాలొచ్చాయి. నీకు బాగా తెలిసిన మనిషే. మీ లైబ్రరీ కర్టెన్లు ఉతికే లాండ్రీ అమ్మ. మొన్న ఫోనులో అనుమతి అడగబోతే అంతా చెప్పాల్సి వచ్చింది. చెప్పమంటూనే నన్ను రెండు భాషల్లోనూ తిట్టి ఫోను పెట్టేసింది.

అత్త


లైబ్రరీ మేడ మీది గది,
గురువారం

అత్తా,

నీ ఉత్తరం పట్టుకుని నాన్న దగ్గరికి పరుగెత్తాను. షాపులో అడుగుపెట్టేసరికి లాండ్రీ అమ్మ నాకన్నా ముందే ఉంది!

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను ఆవిణ్ని. లాండ్రీ కౌంటరు వదిలి వీధిలోకి రావడం ఎప్పుడూ చూడలేదు. చేతికర్ర పట్టుకుని, సబ్బు మరకల ఏప్రన్ కూడా విప్పకుండా వచ్చేసింది. చెప్పులు వేసుకుని చూసే బల్ల మీద కూర్చుంది. నాన్న ఒకాయనకి బూటు తొడుగుతున్నాడు. "ఒక్క నిమిషమమ్మా, మీ సైజు చూస్తాను" అన్నాడు.

"నాకు చెప్పులొద్దు. మీ అక్క దూదిలో చుట్టుకుంటుంటే చూశావట కదా, ఆ నాణేలు నావి."

నాన్న తలెత్తలేదు. లేసు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

ఆవిడ మొత్తం చెప్పింది. షాపులో వింటున్నవాళ్లున్నారని కూడా చూడలేదు. కాగితాల్లేకుండా వచ్చానని, సరుకుల మధ్య దాక్కున్నానని, ఇన్నాళ్లూ కొండల మనిషినని అబద్ధం చెప్పానని, అన్నీ. "నా నోట ఒక మాట విని, దాన్ని కడుపులో పెట్టుకుని ఊరు వదిలిపోయింది మీ అక్క. మంచి ఉద్యోగమొచ్చిందని నాతో నవ్వుతూ చెప్పింది. నేను నమ్మాను. నా కూతురు, నా మనవలు ఈ ఊళ్లో పెరిగారంటే ఆవిడ నోరు విప్పలేదు కాబట్టి," అంటూ కర్రతో నేల మీద కొట్టింది. "పట్టుబడతానేమోనని ఎవరితోనూ మాట కలిపేదాన్ని కాదు, నా చెవిన పడలేదు. తెలిసుంటే అప్పుడే వచ్చి చెప్పేదాన్ని కాదా? దొంగన్న మాట పడనిస్తానా?"

"చెప్తే మిమ్మల్ని పంపేసేవాళ్లు కదమ్మా" అన్నాను నేను.

"అందుకే నాకు చెప్పలేదు. నేను చెప్పేస్తానని ఆమెకి తెలుసు!"

మీ ఇద్దర్లో ఎవరిని చూసి ఎక్కువ ముచ్చటపడాలో నాకిప్పటికీ తేలడం లేదు.

నాన్న సగం వేసిన లేసు ముడి బిగించాడు. తర్వాత, "ఆ తమ్ముడికి కాలు బాగైందా?" అని అడిగాడు.

"కుంటుకుంటూ వెళ్లాడు. నడిచే వెళ్లాడు."

నాన్న తలూపాడు. లేచి వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో ఆ పెద్దమనిషి పాపం కదలకుండా కూర్చున్నాడు. రెండో బూటు నేనే తొడిగి పంపాను. డబ్బులిస్తూ ఆయన లాండ్రీ అమ్మకి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

దారిలో ఆవిడ లైబ్రరీకి వచ్చింది. ఆసరా ఇస్తానంటే వినకుండా కర్రతోనే మెట్లెక్కింది. మూడు నాణేలూ చూసింది, తాకలేదు. "కింద ఏం రాయమంటారు?" అన్నాను. "నా పేరు రాయి. లాండ్రీ అమ్మ కాదు, మా అమ్మ పెట్టిన పేరు," అని తనే కార్డు మీద వాళ్ల లిపిలో రాసిచ్చింది. ఊళ్లో ఎవరూ చదవలేరు కదమ్మా అంటే, "అడిగినవాళ్లకి చదివి చెప్తాను. నా షాపు దగ్గరే కదా," అంది. పెద్ద లైబ్రేరియన్ గారు వెంటనే అడిగారు. చదివి చెప్పింది. ఆయన సరిగ్గా పలికేదాకా ఊరుకోలేదు.

నాన్న ఏదో రాసి అంటించి ఇచ్చాడు, ఈ కవరులోనే పెడుతున్నాను. నేను చదవలేదు. చదవనని మాట తీసుకున్నాడు.

నీ
పిచ్చుక


షాపు వెనక గది

అక్కా,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. బిల్లులు తప్ప రాసి ఎరగను. తప్పులుంటే సర్దుకో.

ఆవిడ వచ్చి చెప్పింది. అంతా విన్నాను. నువ్వు చేసినది నేను చేసి ఉండేవాణ్నా అని వెనక గదిలో కూర్చుని ఆలోచించాను. చేసి ఉండేవాణ్ని కాదు. ఎవరో ఒకరితో చెప్పేసుకునేవాణ్ని. నీకు చెప్పుకోవడానికి ఎవరూ లేకుండా ఎలా గడిపావో తెలియడం లేదు.

నువ్వు బస్సెక్కి వెళ్లాక బడి దగ్గర ఒకడు నిన్ను దొంగ అన్నాడు. వాడి ముక్కు పగలగొట్టాను. ఆ తర్వాత ఆ మాట అన్న ప్రతివాడితోనూ కొట్లాడాను. నా కంటి పక్కన మచ్చ ఆటలో పడితే వచ్చిందని అమ్మతో చెప్పాను, నీకూ అమ్మ అదే రాసి ఉంటుంది. ఆటలో కాదు. డబ్బు మార్చే ఆయన కొడుకు రాయి విసిరాడు.

ఇందాక ఇది పిచ్చుకకి చెప్తే, "అంటే అత్త తప్పు చెయ్యలేదని నీకు లోపల ఎక్కడో తెలుసన్నమాట నాన్నా" అంది. దానికి అలా అనిపించడం బాగుంది, ఊరుకున్నాను. నీకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాకేమీ తెలియదక్కా. నా కళ్లతో చూశాను కదా.

నువ్వు తీశావనుకునే కొట్లాడాను.

తమ్ముడు